వరాహ డైరీ: లంగరు వేసిన అంతరిక్ష నౌక

జూన్ 8

ఈసారి మొదటి రోజు నుంచే రాసి పెట్టుకుంటున్నాను. పోయిన మోడల్‌కి ఏ రెసిన్ (కలిపి పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) ఎంత కలిపానో, ఏ వైరు ఎటు పోయిందో గుర్తు లేక చాలా కష్టపడ్డాను.

చేయబోయేది 62 సెంటీమీటర్ల అంతరిక్ష నౌక. డిజైన్ పూర్తిగా నాదే. స్కేలు 1:1000, అంటే నిజంగా ఉంటే 620 మీటర్లు. ముందు చదునైన తల, మధ్యలో పొడుగాటి నడుము, వెనక రెండు ఇంజన్లు. పేరు ఇంకా అనుకోలేదు.

పని మాత్రం లైట్ల నుంచి మొదలుపెడుతున్నాను. పోయినసారి బొమ్మ అంతా పోతపోసి, రంగు కూడా వేశాక లోపల లైట్లు పెడదామనుకున్నాను. వైరు దూర్చడానికి సందే లేదు. గట్టి రెసిన్‌లో డ్రిల్ వంకరగా పోయి పక్క గోడ పగిలింది. అందుకని ఈసారి ముందు ఎల్ఈడీల కొలతలు తీసి, వాటి చుట్టూ నౌకని గీశాను. ఇంజన్‌లో పెట్టే 12 ఎల్ఈడీల రింగు బయటి వ్యాసం 37 మి.మీ. కాబట్టి ఇంజన్ లోపలి రంధ్రం 38, గోడ మందం 3, బయటి వ్యాసం 44 మి.మీ. ఇంజన్ 44తో ఉంటే నడుము ఎంత లావుండాలి, తల ఎంత వెడల్పుండాలి అన్నవి వాటంతటవే తేలాయి.

ఇంజన్ ముందు గుమ్మటంలో వెలుగు తిరుగుతున్నట్టు కనిపించాలని నా కోరిక. 1966లో మొదలైన స్టార్ ట్రెక్ సీరియల్ కోసం చేసిన ఎంటర్‌ప్రైజ్ స్టూడియో మోడల్ దీనికి మూలం. 11 అడుగుల పైచిలుకు పొడవున్న ఆ మోడల్ ఇంజన్ల ముందు గుమ్మటాల్లో మిణుకుమిణుకుమనే క్రిస్మస్ బల్బులు పెట్టి, వాటి ముందు మోటారుతో రెక్కలు తిప్పారు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది. 2016లో బాగుచేసి మళ్ళీ ప్రదర్శనకు పెట్టినప్పుడు పాత బల్బుల స్థానంలో ఎల్ఈడీలు వాడారు. తిరిగే రెక్క నీడ వల్లే ఆ వెలుగుకి ప్రాణం వచ్చింది. నా దాంట్లో మోటారు ఉండదు. ఆ నీడని కోడ్‌లో తిప్పాలి.

జూన్ 15

ఏటికొప్పాక వెళ్ళొచ్చాను. మా విశాఖ నుంచి గంటన్నర ప్రయాణం. అనకాపల్లి జిల్లా, వరాహ నది ఒడ్డు.

ఇంజన్ గుండ్రటి వస్తువు కాబట్టి మాస్టర్‌ని, అంటే అచ్చు తీయడానికి వాడే అసలు ముక్కని, త్రీడీ ప్రింట్ చేయించొచ్చు. కానీ ప్రింట్ మీద పొరల గీతలు ఉంటాయి. వాటిని పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది పోగొట్టాలంటే రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. లేతు మీద కర్ర తిప్పడమే వృత్తిగా ఉన్న ఊరు ఇంత దగ్గరలో పెట్టుకుని రుద్దుతూ కూర్చోవడం ఎందుకనిపించింది.

కాగితం మీద గీసిన నాలుగు ముక్కలు చూపించాను: ఇంజన్, దాని లోపలి బోలు కోసం ఒక కడ్డీ, గుమ్మటం, దాని లోపలికి ఇంకో చిన్న గుమ్మటం. ఒక్కోటి ఒక్కటి చాలు. అచ్చు ఉంటే ఎన్నైనా పోసుకోవచ్చు. లేతు మీద పనిచేస్తున్న పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, కడ్డీ మీద వేలు పెట్టారు.

"ఇది నిట్టనిలువుగా గీసేశారు బాబూ. ఇలాగైతే ఇరుక్కుపోద్ది. కాస్త వాలుండాల."

కుంకుమ భరిణెల మూతలు బిగుతుగా కూర్చుని, మళ్ళీ సులువుగా ఊడొచ్చేలా చేసే చేతులవి. కొన వైపు అర మిల్లీమీటరు సన్నం చేస్తానన్నారు. రంగు ఏం వేయమంటారని అడిగితే, వద్దండీ, అచ్చు తీయడానికే కదా అన్నాను.

"రంగొద్దంటే మానేద్దుం. లక్క మాత్రం పెట్టాల. లేపోతే కర్ర ఈనెలన్నీ మీ అచ్చులోకి దిగిపోతాయి."

అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీని దానికి ఆనించారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంది. తర్వాత మొగలి ఆకు మడిచి అదిమారు. ఒక్క నిమిషంలో కర్ర గాజులా అయిపోయింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ వార్త అప్పుడే చదివాను. ఆ నునుపు ఎలా వస్తుందో దగ్గర నిలబడి చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చే దారిలోనే నౌకకు పేరు ఖాయమైంది. వరాహ.

జూన్ 22, 23

సిలికాన్ అచ్చులు.

సన్‌బోర్డు ముక్కలతో పెట్టె కట్టి, సందులన్నీ గ్లూ గన్‌తో మూశాను. వాడింది టిన్ రకం ఆర్‌టీవీ (గది వేడిలోనే గట్టిపడే) సిలికాన్, 100 గ్రాములకు 3 గ్రాముల గట్టిపరిచే ద్రవం. ప్లాటినం రకం ఎక్కువ కాలం మన్నుతుంది గానీ, గంధకం ఉన్న మోడలింగ్ క్లే తగిలితే చాలు, అక్కడ జిగటగానే ఉండిపోతుంది. నా దగ్గర ఉన్న క్లేలో ఏముందో డబ్బా మీద రాయలేదు. అందుకే టిన్.

ముందు బ్రష్‌తో మాస్టర్ మీద పల్చటి పొర పూశాను. మిగతాది పెట్టె మూలలో ఒకే చోట, అడుగు ఎత్తు నుంచి దారంలా సన్నగా పోశాను. ధార సాగేకొద్దీ లోపలి బుడగలు పగిలిపోతాయి. ఇంజన్‌కి రెండు భాగాల అచ్చు కావాలి. మొదటి సగం గట్టిపడ్డాక రెండో సగం పోసే ముందు వ్యాసలీన్ పల్చగా రాయాలి. సిలికాన్ వేరే దేనికీ అంతగా అంటుకోదు, సిలికాన్‌కి మాత్రం విడదీయలేనంతగా అంటుకుంటుంది. మూలలన్నిటికీ రాశానో లేదో టార్చ్ వేసి మరీ చూసుకున్నాను.

మర్నాడు విప్పితే, గుమ్మటం అచ్చు లోపల అద్దంలా మెరుస్తోంది. మొగలి ఆకు పెట్టిన మెరుపు అలాగే దిగింది. పక్కన పెట్టుకుని పోల్చుకోవడానికి 600 నంబరు గరుకు కాగితంతో రుద్దిన ప్లాస్టిక్ ముక్కకి కూడా అచ్చు తీశాను. అది మసకగా వచ్చింది. మాస్టర్ మీద మెరుపు ఉంటే అచ్చులో మెరుపు, అచ్చులో ఉంటే పోతలో మెరుపు. పారదర్శకమైన ముక్కలకు ఇది చాలా ముఖ్యం. మసక అచ్చులో పోసిన గుమ్మటాన్ని తర్వాత ఎంత పాలిష్ చేసినా గుండ్రటి ఆకారం కాస్తయినా పోతుంది.

జూలై 6

మొదటి పోత. పాలియురెథేన్ రెసిన్, రెండు సీసాలు, బరువులో 1:1. కలిపాక చేతిలో ఉండే సమయం మూడు నిమిషాలే. అరగంటకల్లా విప్పేయొచ్చు. అచ్చులో ముందు టాల్కం పౌడర్ చల్లి దులిపేశాను, రెసిన్ సందుల్లోకి బాగా పారుతుంది. కడ్డీ పెద్దాయన చెప్పినట్టే చిన్నగా తిప్పగానే ఊడొచ్చింది.

ఇంజన్ ముక్క చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ లోపల ఎల్ఈడీ పెట్టి గది చీకటి చేస్తే గోడంతా లాంతరులా వెలిగింది. ఈ రెసిన్ లేత మీగడ రంగు, 3 మి.మీ. మందంలో వెలుతురు సులువుగా దాటుతుంది. పైన ఎంత రంగు వేసినా గీత పడ్డ చోటల్లా కారుతుంది. కాబట్టి రంగుని రెసిన్‌లోనే కలపాలి. నల్ల పిగ్మెంట్ కలిపి రెండోది పోశాను. చుక్క వెలుగు కూడా బయటికి రాలేదు. లోపలి గోడకి తెల్ల రంగు వేస్తే వెలుతురు వృథా కాకుండా గుమ్మటం వైపు తిరుగుతుంది.

రెసిన్ పని చేసేటప్పుడు గ్లవ్స్, రసాయన ఆవిర్లను ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్, తెరిచిన కిటికీ తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్క్ ఈ ఆవిరిని ఆపదు. ఇది మొదలుపెట్టే పిల్లలెవరైనా చదువుతుంటే, దయచేసి ఈ ఒక్క విషయంలో పొదుపు చేయకండి.

జూలై 13

రెండో ఇంజన్ పాడైంది. నిన్న రాత్రంతా వాన, పొద్దున గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. పోసిన అయిదు నిమిషాలకి అచ్చు నోట్లోంచి రెసిన్ ఇడ్లీ పిండిలా పొంగి బయటికి వచ్చింది. విప్పి కోస్తే లోపలంతా స్పాంజ్.

కారణం తేమ. ఈ రెసిన్‌లో ఒక సీసా ఐసోసయనేట్. అది రెండో సీసాలోని పాలియోల్‌తో కలిసి గట్టిపడాలి. నీరు దొరికితే దానితోనూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువే బుడగలు. పరుపుల్లో ఉండే ఫోమ్ కూడా ఈ రసాయన చర్యతోనే పొంగుతుంది. మా ఇంటికి సముద్రం కిలోమీటరున్నర. మూత తీసిన ప్రతిసారీ సీసాలోకి తేమ వెళ్తుంది, అచ్చుకీ పడుతుంది, కలిపే చెక్క పుల్లలోనూ ఉంటుంది.

మార్చుకున్నవి ఇవి. చెక్క పుల్ల బదులు ప్లాస్టిక్ చెంచా. అచ్చుని పోసే ముందు హెయిర్ డ్రయర్‌తో పది నిమిషాలు వేడి చేసి, పూర్తిగా చల్లారకముందే పోయడం. ఏసీని డ్రై మోడ్‌లో గంట ముందు నుంచి నడపడం. సీసాలు సిలికా జెల్ పొట్లాలతో సహా గాలి చొరబడని డబ్బాలో. సగం వాడిన పాత సీసాను పక్కన పెట్టేసి కొత్తది తెరిచాను.

జూలై 16: పోత శుభ్రంగా వచ్చింది. రెండు ఇంజన్లూ తూకంలో 2 గ్రాముల తేడా.

జూలై 20

ఈ రోజు పని ముట్టుకోలేదు, కానీ అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది ఈ రోజే.

సాయంత్రం నాన్నగారితో ఆర్కే బీచ్‌కి వెళ్ళాను. ఆయన పోర్టులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. చీకటి పడ్డాక దూరంగా నాలుగు ఓడలు, రేవులోకి వెళ్ళే వంతు కోసం లంగరు వేసి ఉన్నాయి. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ తిరుగుతోంది. నౌక సంగతి చెప్తూ, ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం పెడుతున్నానని చెప్పాను.

"మరి నీ ఓడ నడుస్తోందా, ఆగి ఉందా?" అన్నారు.

స్టాండు మీద ఉంటుంది నాన్నా అన్నాను.

"అయితే ఆగి ఉన్నట్టేగా. ఆగిన ఓడకి ఎరుపూ పచ్చా ఉండవురా. అవి నడిచేటప్పుడే. అదిగో చూడు, ఆ నాలుగింటికీ ఎక్కడన్నా ఎర్ర దీపం కనబడుతోందా?"

కనబడలేదు. అన్నీ తెల్లవే. ఇన్నేళ్ళుగా ఈ ఒడ్డున నిలబడి చూస్తున్నా గమనించలేదు. ఇంటికొచ్చి 1972 అంతర్జాతీయ సముద్ర నియమాలు తీసి చదివాను. నడిచే ఓడకి రెండు పక్కలా ఎరుపు, ఆకుపచ్చ, స్తంభం మీద తెలుపు, వెనక తెలుపు. పక్క దీపాలు ఒక్కోటి సూటిగా ముందు నుంచి మొదలై 112.5 డిగ్రీల మేరకే కనపడాలి. లంగరు వేసిన ఓడకి చుట్టూ కనపడే తెల్ల దీపాలు. 100 మీటర్లు దాటిన ఓడైతే డెక్ మీది లైట్లు కూడా వెలిగించి తీరాలి. నా వరాహ 620 మీటర్లు.

ఇంకొకటి కూడా ఆ ఒడ్డునే తెలిసింది. ఆ చీకట్లో ఓడ దేహం కనపడదు. ఎంత పెద్దదో చెప్పేవి దీపాలే. అవి ఒక వరుసలో, ఒకే రంగులో లేవు. ఒక చోట గుంపుగా పసుపు, కొంత దూరం చీకటి, మళ్ళీ ఒంటరిగా ఒక తెల్లటి చుక్క. నా డ్రాయింగ్‌లో 212 కిటికీలూ ఒకేలా వెలుగుతున్నాయి. ఎంత చక్కగా చేసినా అది పండగ సీరియల్ లైట్లలా కనిపిస్తుంది తప్ప మనుషులున్న ఓడలా కనిపించదు.

అందుకే డిజైన్ మార్చాను. ఒక బటన్, రెండు స్థితులు: లంగరు, ప్రయాణం. 212 కిటికీల్లో 72 చీకటిగా ఉంటాయి. మిగతా 140లో కొన్ని పసుపు తెలుపు, కొన్ని చల్లటి తెలుపు.

ఆగస్టు 3 నుంచి 17

నడుము, తల 1 మి.మీ. ప్లాస్టిక్ షీట్‌తో కట్టాను. వెన్నెముకగా లోపల యాక్రిలిక్ గొట్టం, వైర్లన్నీ దాని గుండానే. పైన అతికించిన చిన్న చిన్న వివరాలు పాడైపోయిన ప్రింటర్ భాగాలు, పాత విమానం కిట్ ముక్కలు. ఈ భాగం గురించి ఎక్కువ రాయడానికి లేదు. కొలవడం, కోయడం, అతికించడం.

కిటికీలే అసలు పని. 1:1000లో మీటరు కిటికీ అంటే ఒక్క మిల్లీమీటరు. వెలుతురుని మోసే 0.75 మి.మీ. ఆప్టిక్ ఫైబర్, 0.8 డ్రిల్, చేత్తో తిప్పే పిన్ వైస్. రోజుకి ముప్ఫై రంధ్రాలకి మించి వేయలేదు. అలసిపోతే వరుస వంకర పోతుంది.

ఆగస్టు 9న మొదటి 40 ఫైబర్లు సూపర్ గ్లూతో అతికించాను. మర్నాడు కట్టగా వంచబోతే పన్నెండు టపటపా విరిగాయి. ఈ ఫైబర్ యాక్రిలిక్ జాతి ప్లాస్టిక్. సూపర్ గ్లూ తగిలిన చోట పెళుసెక్కుతుంది. అన్నీ పీకి, తెల్ల ఫెవికాల్‌తో మళ్ళీ పెట్టాను. ఆరడానికి రాత్రంతా పడుతుంది, కానీ వంగినా విరగదు.

ఒక్కో ఎల్ఈడీకి 15, 16 ఫైబర్ల కట్ట. కట్టని 5 మి.మీ. ఎల్ఈడీ ముందు పెట్టి, రెండిటినీ కలిపి వేడికి ముడుచుకునే నల్ల హీట్ ష్రింక్ గొట్టంలో బిగించాను. మొత్తం 9 కట్టలు. 5 పసుపు తెలుపు, 4 చల్లటి తెలుపు. ఒకే కట్టలోని ఫైబర్లను పక్కపక్క కిటికీలకు ఇవ్వలేదు, నౌక పొడవునా చెదరగొట్టాను. ఇది ఓపిక పని, కానీ బీచ్‌లో చూసిన వెలుగు దీనివల్లే వస్తోంది.

గుమ్మటాలు కూడా ఈ మధ్యలోనే పోశాను, పారదర్శక ఎపాక్సీతో. ఒక్క చుక్క నారింజ రంగు. 24 గంటలు ఆగాలి, తొందరపడితే వేలిముద్ర పడుతుంది. బయట లక్క మెరుపు అలాగే ఉంచి, లోపలి వైపు మాత్రం 400 కాగితంతో రుద్దాను. ఆ గరుకు వల్ల పన్నెండు ఎల్ఈడీలు విడివిడి చుక్కల్లా కాక ఒకే మంటలా కలిసిపోతాయి.

ఆగస్టు 24

ఎలక్ట్రానిక్స్. అన్నిటికీ 5 వోల్టులే, ఫోన్ చార్జర్‌తో నడిచేలా.

మెదడు ఏటీటైనీ85. ఎనిమిది కాళ్ళ చిన్న చిప్. కరెంటుకి రెండు, రీసెట్‌కి ఒకటి వదిలేస్తే వాడుకోదగ్గ కాళ్ళు అయిదు, నాకు కావాల్సినవీ సరిగ్గా అయిదే: ఇంజన్ రింగులు, ప్రయాణ దీపాలు, లంగరు దీపాలు, కిటికీలు, బటన్.

తెల్ల ఎల్ఈడీ సుమారు 3.1 వోల్టులు తింటుంది. మిగిలిన 1.9ని 220 ఓమ్‌లతో భాగిస్తే 8.6 మిల్లీఆంపియర్లు. ప్రతి ఎల్ఈడీకి సొంత రెసిస్టర్. ఒకే రెసిస్టర్‌కి అన్నిటినీ కలిపితే వోల్టేజీలో కాస్త తేడా ఉన్నది ఎక్కువ కరెంటు లాగేసి ముందు పోతుంది. తొమ్మిది కిటికీ ఎల్ఈడీలకు మొత్తం 77 మిల్లీఆంపియర్లు. చిప్ కాలు 40కి మించి తట్టుకోదు, కాబట్టి మధ్యలో స్విచ్‌లా పనిచేసే 2ఎన్2222 ట్రాన్సిస్టర్. నావిక దీపాలకు 1 కిలోఓమ్ పెట్టాను. అవి చుక్కల్లా ఉంటే చాలు, ఎక్కువ వెలిగితే స్కేలు చెడిపోతుంది.

రింగులు డబ్ల్యూఎస్2812 రకం, ఒక్కో ఎల్ఈడీ రంగుని కోడ్‌తో విడిగా మార్చొచ్చు. రెండిటినీ వరుసగా కలిపితే ఒకే డేటా వైరు చాలు. డేటా దారిలో 470 ఓమ్‌లు, సరఫరా దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్ఈడీ 60 మిల్లీఆంపియర్ల దాకా లాగగలదు, 24కి 1.44 ఆంపియర్లు. నేను వాడేది నారింజ, అదీ మూడో వంతు వెలుగులో. మీటరు మీద మొత్తం నౌక 0.32 ఆంపియర్లు చూపించింది. వేడి లేదు.

సెప్టెంబర్ 7

కోడ్. చిప్‌లో ఉన్న మెమరీ 512 బైట్లు, 24 ఎల్ఈడీల రంగులకు 72 పోతాయి. సరిపోయింది.

మొదట ఒక వెలుగు చుక్కని గుండ్రంగా తిప్పాను. గడియారం ముల్లులా ఉంది, బాగోలేదు. తర్వాత తలకిందులు చేశాను: రింగంతా నెమ్మదిగా మిణుకుతూ ఉంటుంది, దాని మీద రెండు నీడలు తిరుగుతాయి. పాత మోడల్‌లో మోటారు రెక్కలు చేసిన పని ఇదే. ఒక ఇంజన్ కుడికి, ఇంకోటి ఎడమకి.

నీడ అంచు మాత్రం మెట్లు మెట్లుగా దూకుతోంది. కన్ను వెలుగుని లెక్క ప్రకారం చూడదు. 255లో 128 ఇస్తే సగం కాదు, ముప్పావు వంతు వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. కంటికి తగ్గట్టు వెలుగు విలువల్ని సవరించే 2.2 గామా పట్టిక రాసి ప్రతి విలువనీ దాని గుండా పంపాను. నీడ వెన్నలా జారింది. ఆ ఒక్క మార్పు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

సెప్టెంబర్ 14

రంగుకి ముందు చీకటి గది పరీక్ష. నల్ల రెసిన్ ఇంజన్లు గట్టిగా ఉన్నాయి. తల కింది అతుకులో మాత్రం ఒక తెల్ల గీత, దుప్పట్లోంచి టార్చ్ వెలుగులా. లోపల రెండు పొరల నలుపు, దాని మీద అల్యూమినియం టేపు. పోయింది. ఎర్ర దీపం వెనక్కి కూడా కనపడుతోందని, దాని వెనక 2 మి.మీ. చిన్న గోడ కట్టాను. ఇప్పుడు నియమం చెప్పిన 112.5 డిగ్రీల దగ్గరే ఆగుతోంది. ఆకుపచ్చకీ అంతే.

సెప్టెంబర్ 21

బూడిద రంగు, రెండు తేలిక పొరలు. ఫైబర్ కొనలు బ్లేడుతో సమంగా కోశాను.

రాత్రి హాల్లో లైట్లన్నీ ఆపి నాన్నగారిని పిలిచాను. బటన్ మొదటి నొక్కు: ప్రయాణం. గుమ్మటాల్లో నీడలు తిరిగాయి, ఎరుపు, పచ్చ వెలిగాయి. రెండో నొక్కు: లంగరు. ఇంజన్లు బొగ్గు కణికల్లా తగ్గిపోయాయి, రంగు దీపాలు ఆరాయి, 140 కిటికీలు, ముందొకటి వెనకొకటి తెల్ల దీపాలు మిగిలాయి. దేహం కనపడలేదు. చీకట్లో 620 మీటర్లు ఉంది.

నాన్నగారు కుర్చీ లాక్కుని చాలాసేపు చూశారు. బీచ్‌లోలాగే కళ్ళు కాస్త చికిలించి.

"బాగుందిరా. కానీ వెనక దీపం ముందుదానితో సమానంగా పెట్టావు. వెనకది కిందకి ఉండాలి. చీకట్లో వచ్చే వాడికి ఏది ముక్కో ఏది తోకో దాన్నిబట్టే తెలిసేది."

నియమాలు మళ్ళీ తీశాను. 30వ నియమంలో అలాగే ఉంది. తోక మీద 14 మి.మీ. కిందకి ఒక చోటు గుర్తు పెట్టుకున్నాను. రేపు పాత రంధ్రం పుట్టీతో మూసి, 0.8 డ్రిల్ మళ్ళీ తీయాలి.